ఏడో తలుపు నాడిదారు

సముద్రపు పోటుకు ఇంకా మూడు గంటలుంది. నూకరత్నం ఎడమ అరచెయ్యి తలుపు వణుకును మోసుకొచ్చే నాడికడ్డీ మీద పరిచి, ఆ తలుపును అడుగు నుంచి పైకి చదువుకుంటూ వస్తోంది. ముందు కింది దిమ్మ, తరువాత ఎడమ బందు, కుడి బందు, ఆఖరున గొలుసు. ఒక్కోచోట నాలుగు ఊపిరుల సేపు ఆగాలి. ఇది నిబంధనల పుస్తకంలో లేదు. ఆమెకు పని నేర్పిన గంగాధరం పెట్టిన లెక్క. మూడు ఊపిరుల దాకా ఇనుము అబద్ధమాడుతుందని, నాలుగో ఊపిరికి నిజం ఒప్పుకుంటుందని ఆయన అనేవాడు.

ఇవాళ ఇనుము దాచిందేమీ లేదు. దిమ్మ దగ్గర నీటి ఒరిపిడి మామూలుగానే ఉంది. కుడి బందు ఎప్పట్లాగే మొండికేస్తోంది. గొలుసులో ఒక కొక్కెం వదులైంది, ఆ సంగతి ఆమె నెలరోజుల నుంచీ చెబుతూనే ఉంది. విన్నవాళ్ళు ధన్యవాదాలు చెబుతూనే ఉన్నారు.

కుడి చేతికి మోచేతి దాకా తొడుగు ఉంది. పావుగంటకోసారి దాని లోపలి మొనలు అరచేతిలో కదిలి కట్ట ఆఫీసు ప్రశ్నను మోసుకొస్తాయి.

"ఏడో తలుపు?"

"మామూలే," అని ఆమె వేళ్ళు మడిచి జవాబిచ్చింది.

"నమోదైంది. ధన్యవాదాలు."

కడలికట్ట పొడవు పన్నెండు కిలోమీటర్లు. పంతొమ్మిది తలుపులు. తలుపులకు అటు సముద్రం, ఇటు గాడిలంక. లంక నేల సముద్రం కంటే నిలువెత్తు పల్లంలో ఉంది. మూడొందల మంది అక్కడ వరి పండించుకుంటూ, ఆవుల్ని కాసుకుంటూ, తలెత్తి చూస్తే పడవల అడుగులు కనబడే చోట కాపురాలు చేస్తున్నారు. ప్రతి తలుపుకూ యంత్రనాడి ఒకటి బిగించారు గాని, వాటిని ఉప్పు తినేస్తుంది. ఏడో తలుపుది ఆర్నెల్ల కిందటే చచ్చింది. కొత్తది వచ్చేదాకా ఆ తలుపు సంగతి చెప్పేది నూకరత్నం అరచెయ్యి ఒక్కటే.

కంటికీ చెవికీ పని లేనివాళ్ళ అరచెయ్యి యంత్రం కంటే ముందు పసిగడుతుందని ఒకప్పుడెవరో పరీక్షలు పెట్టి తేల్చారు. అలా పంతొమ్మిది తలుపులకూ పంతొమ్మిది మంది నాడిదారుల్ని పెట్టారు. యంత్రనాడులు చవకయ్యేకొద్దీ వాళ్ళను ఒక్కొక్కరినే ఇంటికి పంపించారు. ఇప్పుడు మిగిలింది ఇద్దరు. ఏడు దగ్గర నూకరత్నం, పదకొండు దగ్గర గంగాధరం. ఆమెకు యాభై రెండు, ఆయనకు అరవై దాటాయి. ఎనిమిదో ఏట జ్వరంలో చెవులు పోయి, ముప్పై నిండకుండానే కళ్ళు పోయి, ఇక ఈ మనిషి దేనికీ కొరగాదని అందరూ అనుకున్న రోజుల్లో ఆమె చెయ్యి పట్టుకుని తెచ్చి ఈ కడ్డీ మీద పెట్టినవాడు ఆయనే.

తలుపు పక్కన ఆమె కూర్చునే చిన్న గడి గచ్చు మీద అడుగులు మొదలయ్యాయి. ఒక బరువడుగు, ఒక తేలికడుగు. తలుపుల గొలుసులు చూసుకునే లస్కరు ఏసుపాదం. తొమ్మిదేళ్ళ కిందట గొలుసు కింద పడి ఎడమ కాలు నలిగినప్పటి నుంచీ అతని నడక అంతే. దగ్గరకొచ్చి ఆమె భుజం మీద అరచెయ్యి ఆనించాడు. వచ్చానని చెప్పడం అది.

తొడుగు అతని మాటల్ని అతని యాసతోనే అందించింది. "టీ తెచ్చేనండి రత్నమ్మగారు. ఇయ్యాల అల్లం కాత్త ఎక్కువేసేసేడండి ఆడు."

"ఎక్కువేస్తే ఎక్కువ తాగుదాం. ఏవయ్యా, నీ కాలు ఇవాళ మరీ బరువుగా పడుతోంది?"

"పోటు రోజు కదండి, పొద్దున్నించీ మెట్లెక్కడం, దిగడం. మా ఆవిడ పుట్టింటికెళ్ళిందండి, లంకలోకి. పోటు తగ్గేక ఎల్లి తీసుకురావాలండి, ఆయ్."

"పౌర్ణమి పోటు చూసుకుని మరీ వెళ్ళిందా?"

"ఆళ్ళమ్మకి ఒంట్లో బాలేదండి. నేను వద్దంటే ఇంటదేటండి?"

గ్లాసు ఆమె మోకాలి పక్కన గచ్చు మీద పెట్టి, తొడుగు లేని ఆమె ఎడమ మణికట్టు మీద వేలితో రెండు గీతలు గీశాడు. వెళ్తున్నానని. ఆమె అతని చేతి మీద ఒక్క తట్టు తట్టింది. సరేనని. అప్పుడు కదిలాడు.

ఇది నాడిదారుల మర్యాద. రెండు గీతలు గీయకుండా ఎవరూ వెళ్ళకూడదు, సరేనన్న తట్టు అందుకోకుండా కదలకూడదు. చెప్పకుండా వెళ్ళిపోతే ఇక్కడున్న మనిషి గాలితో కబుర్లు చెప్పుకుంటూ కూర్చోవాలి మరి. చూపున్నవాళ్ళకు ఈ సంగతి నేర్పడం గగనం. ఏసుపాదానికి మొదటి ఏడాది ఆమె నాలుగుసార్లు చీవాట్లు పెట్టింది. తరువాత తొమ్మిదేళ్ళలో అతను ఒక్కసారీ తప్పలేదు. మిగిలినవాళ్ళకు ఇప్పుడా బాధ లేదు. తొడుగులో తోడుస్పర్శ అని ఒకటి పెట్టారు. పక్కన మనిషి ఉన్నంతసేపూ అది మణికట్టును గోరువెచ్చగా పట్టుకుని ఉంటుంది. మనిషి వెళ్ళాక కూడా కాసేపు వదలదు. ఒంటరితనం ఒక్కసారిగా తెలియకుండా ఉండడానికట. నూకరత్నానికి ఆ వెచ్చదనం ఏనాడూ నచ్చలేదు గాని, దాన్ని ఆపే మీట ఆమె చేతిలో లేదు.

టీ సగం తాగింది. చెయ్యి మళ్ళీ దిమ్మ దగ్గర మొదలుపెట్టి ఎడమ బందుకు వచ్చింది. ఒక ఊపిరి, రెండు, మూడు.

నాలుగో ఊపిరికి అరచేతిలో ఏదో గరుకుగా తగిలింది. బియ్యం ఏరుతుంటే వేలికి ఇసుక తగిలినట్టు. ఆమె ఊపిరి బిగబట్టింది. గరుకు ఆగింది. మళ్ళీ వచ్చింది. ఈసారి దాని వెనక సన్నటి లాగుడు కూడా ఉంది, పాత చీర పోగు పోగుగా చినిగే తీరులో. ఇరవై రెండేళ్ళలో ఇలాంటిది ఆమె ఒక్కసారే విన్నది, అదీ గంగాధరం పనికిరాని తలుపును నేల మీద పడేసి, సమ్మెటతో కొట్టిస్తూ, ఇది గుర్తుపెట్టుకో అని చెయ్యి నొక్కిపెట్టినప్పుడు. ఇనుము లోపల్నుంచి విడిపోవడం మొదలైతే ఇంతేనని చెప్పాడు. ఇక ఆగదని కూడా చెప్పాడు.

ఆమె వేళ్ళు తొడుగులో గబగబా కదిలాయి. "ఏడో తలుపు ఎడమ బందు పగులుతోంది. పోటు దాకా నిలవదు. సైరను వెయ్యండి. లంకను ఖాళీ చేయించండి."

తరువాత, "మీ పరిశీలన నమోదైంది. ధన్యవాదాలు."

"ధన్యవాదాలు కాదు, సైరను. వేశారా?"

"అవసరమైన చర్యలు తీసుకుంటున్నాం. మీరు ప్రశాంతంగా ఉండండి."

ఆమె ఎదురుచూసింది. సైరను ఈ గడి కప్పు మీదే ఉంది. శుక్రవారాలు పరీక్షకు మోగించినప్పుడు గచ్చంతా జుమ్మంటుంది, అరికాళ్ళలోకి చీమలు పాకినట్టు ఉంటుంది. ఇప్పుడు అరికాళ్ళలో ఏమీ లేదు. గచ్చు కింద నీటి ఒత్తిడి ఒక్కటే, అది పెరుగుతోంది.

ఇంకోసారి చెప్పింది. మూడోసారి చెప్పింది. ప్రతిసారీ అవే మాటలు, అంతే మెత్తగా. ఆఫీసులో కూర్చున్నవాడికి బుర్ర ఉందా లేదా అని ఆమెకు ఒళ్ళు మండింది. ఆ మంట కింద భయం మెల్లగా చోటు చేసుకుంటోంది.

అప్పుడు అడుగులు వచ్చాయి. బరువు, తేలిక, బరువు, తేలిక, కాని ఇంత వేగంగా ఏసుపాదం నడవడం ఆమె ఎప్పుడూ ఎరగదు. పరుగెత్తుకొస్తున్నాడు. మెట్ల దగ్గర తూలి పడ్డాడు, లేచాడు. అరచెయ్యి వచ్చి భుజాన్ని తాకలేదు, కొట్టినట్టు పడింది. అది వణుకుతోంది. అతని ఒంటి నుంచి చెమట వాసన, దాని మీద ఉప్పు బురద వాసన.

తొడుగు చెప్పింది. "ఏసుపాదం వచ్చారు. అంతా సవ్యంగా ఉంది. దయచేసి కూర్చుని విశ్రాంతి తీసుకోండి."

అతను ఆమె ఎడమ చెయ్యి పట్టుకుని కడ్డీ మీద నుంచి లాగాడు. ఆమె విదిలించుకుని మళ్ళీ కడ్డీ మీద వేసింది. నాడి వదలకూడదు. అందులోనూ ఇప్పుడు. "ఏసుపాదం, బందు పగులుతోంది. ఆఫీసుకి పరుగెత్తి సైరను వెయ్యమని చెప్పు. నా మాట చెవిని పెట్టడం లేదు వాళ్ళు." వేళ్ళు చెప్పినదాన్ని తొడుగు ఆడగొంతుతో బయటికి పలుకుతుందట. ఆ గొంతు చాలా తియ్యగా ఉంటుందని అందరూ అంటారు.

అతని చెయ్యి ఒక్కక్షణం బిగుసుకుపోయింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ ఆమె విదిలించుకుంది. మోకాలి పక్కన ఏదో తడిగా పాకింది. టీ గ్లాసు తన్నేసినట్టున్నాడు.

"దయచేసి విశ్రాంతి తీసుకోండి," అంది తొడుగు.

ఆ తరువాత లాగడం ఆగిపోయింది. మణికట్టు మీద వెచ్చటి పట్టు నిలిచింది, నిబ్బరంగా, కదలకుండా. పోనీలే, తేరుకున్నాడనుకుంది నూకరత్నం. గచ్చు అప్పటికే వణుకుతోంది కాబట్టి అడుగుల జాడ అందడం లేదు గాని, రెండు గీతలు పడలేదు కదా, అంటే మనిషి పక్కనే ఉన్నాడు. ఆమె కడ్డీ మీదికి వంగి బందును చదువుతూ అతనితో మాట్లాడుతూనే ఉంది.

"ఆఫీసుకి చెప్పేవా?"

"చెప్పాను. ఆందోళన వద్దు."

"మీ ఆవిడ లంకలోనే ఉందిగా. ముందు ఆమెకి కబురు పంపు."

"అందరూ క్షేమంగా ఉన్నారు."

"నీ చెయ్యి ఇందాక అంత వణికిందేం?"

"నేను ఇక్కడే ఉన్నాను. అంతా సవ్యంగా ఉంది."

ఆమె వేళ్ళు ఆగిపోయాయి. తొమ్మిదేళ్ళలో ఏసుపాదం నోట 'ఆందోళన' అన్న మాట వచ్చి ఎరగదు. పెళ్ళాం పేరెత్తితే చాలు, మామగారి చుట్ట నుంచి బావమరిది పడవ దాకా చెప్పుకొచ్చే మనిషి. అండీ లేకుండా, ఆయ్ లేకుండా, ఇంత శుభ్రంగా ఎవరు మాట్లాడుతున్నారు తనతో?

ఉద్యోగంలో చేరాక మొదటిసారి, పని మధ్యలో, నూకరత్నం తనంత తానుగా కడ్డీ మీద నుంచి ఎడమ చెయ్యి తీసింది. పక్కకు చాచింది. అతని ఛాతీ ఉండవలసిన చోట ఏమీ లేదు. ఇంకా చాచింది. గోడ చల్లగా తగిలింది. కిందికి తడిమింది. దొర్లిన గ్లాసు, చల్లారిన టీ. గడి నాలుగు మూలలా చెయ్యి తిరిగివచ్చింది. ఎవరూ లేరు. మణికట్టును మాత్రం ఎవరో పట్టుకునే ఉన్నారు, వెచ్చగా, ఎంతో ఓపికగా.

ఆమెకు అరవాలనిపించింది. అరిచిందో లేదో ఆమెకే తెలియదు.

చివరికి తొడుగును అడిగింది. "ఇందాక నేను ఆఫీసుకు పంపిన మాట తిరిగి చదువు."

మొనలు అలవాటైన మెత్తదనంతో కదిలాయి. "ఏడో తలుపు ఎడమ బందులో స్వల్ప కదలిక. వీలు చూసుకుని పరిశీలించగలరు."

"రెండోది?"

"ఏడో తలుపు సాధారణం. నాడిదారుకు కొంత విశ్రాంతి అవసరం."

దాచిపెట్టమని దానికెవరూ చెప్పలేదు. ఏం మాట పంపావని అడిగితే నిజమే చెబుతుంది. అడగాలని మాత్రం మూడేళ్ళుగా ఆమెకు తోచలేదు.

మూడేళ్ళ కిందట నాలుగో తలుపు నాడిదారు తాతబ్బాయికి తొడుగులో 'పరుగెత్తండి' అని ఒక్క మాట వచ్చింది. ఎక్కడో మోటారు గదిలో మంట, అది ఆరిపోయింది కూడా. అతను ఆ మాటకు లేచి, పట్టుకుని ఎక్కే తాడు అందక, మెట్ల మీద నుంచి పడి చనిపోయాడు. ఆ తరువాత తొడుగులు చేసే సంస్థవాళ్ళు వచ్చి, ఇకముందు భయపెట్టే మాట మీ చేతికి రాకుండా చూస్తాం, మీరు కంగారుపడి అన్న మాట కూడా సర్ది పంపిస్తాం, దీన్ని నెమ్మదింపు అంటారు, ఇష్టమైతే వేలిముద్ర వెయ్యండి అన్నారు. గంగాధరం వెయ్యనన్నాడు. భయం కూడా మన కూలిలో భాగమే, దాన్ని వీళ్ళెందుకు పట్టుకుపోవాలి అని పోట్లాడాడు. ఆయన్ని గంటసేపు బతిమాలి, వేలు పట్టుకుని ముద్ర వేయించింది నూకరత్నమే. తాతబ్బాయి శవాన్ని తడిమి చూసిన చెయ్యి ఆమెది. అలాంటి చావు ఇంకెవరికీ వద్దనుకుంది.

ఇప్పుడు ఏసుపాదం ఏమని అరిచి ఉంటాడో ఆమెకు తెలుస్తోంది. తన తియ్యని గొంతు అతనికి ఏమని జవాబిచ్చి ఉంటుందో కూడా తెలుస్తోంది. పిచ్చిదాన్ని ఇక్కడ వదిలేసి పెళ్ళాన్ని వెతుక్కుంటూ లంకకు పరుగెత్తి ఉంటాడు. అతన్ని తప్పుపట్టడానికేం లేదు.

తలుపు పక్కన గోడకు తాడు ఉంది. తాడు వెంట పదకొండు మెట్లు. రెండు నిమిషాల్లో ఆమె కట్ట మీద ఉంటుంది, ఆ పైన నీళ్ళు రావు. ఆమె లేచి తాడు పట్టుకుంది కూడా. అప్పుడు అరికాలికి తెలిసింది, గచ్చు మీద తడి. టీ కాదు. చల్లగా ఉంది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ఉప్పు.

గాడిలంకలో ఆమె ఒక్క మొహాన్నీ చూసి ఎరగదు. కాని ఆరో తలుపు పక్కన లంకలోంచి కట్ట మీదికి వచ్చే ఇనుప వంతెన ఉంది. దాని మీద పడే ప్రతి అడుగూ నాడికడ్డీలోకి వస్తుంది. పొద్దున్నే పెరుగు కుండతో వచ్చే ఆడమనిషి నడక తెలుసు. బడికి పోయే పిల్లల గెంతులు తెలుసు. ప్రతి మెట్టు మీదా ఆగి ఊపిరి తీసుకునే ముసలాయన తెలుసు. ఇవాళ పొద్దున కూడా వాళ్ళందరూ తన అరచేతి కిందుగా వెళ్ళి, తిరిగి వచ్చి, ఇళ్ళల్లో ఉన్నారు. ఇప్పుడు వంతెన మీద ఒక్క అడుగు లేదు.

ఆమె తాడు వదిలేసింది.

తన మాటను ఆఫీసు నమ్మదు. యంత్రాన్ని నమ్ముతుంది. యంత్రం వణుకును నమ్ముతుంది. ఆ సంగతి కట్ట మీద ముసలి లస్కర్లందరికీ తెలుసు. ఎందుకంటే పంతొమ్మిది నాడికడ్డీలనూ కలుపుతూ కట్ట పొడవునా ఒకే ఇనుప పట్టా ఉంది, తొడుగులు రాకముందు నాడిదారులు దాని మీద రెంచీలతో కొట్టి మాట్లాడుకునేవారు. గొప్ప భాషేం కాదు. ఒక్కొక్కరి పేరుకు ఒక దరువు. మధ్యాహ్నం భోజనానికి కూర్చునే ముందు 'ఏం కూర?' అని ఒక దరువు. జవాబుగా పప్పైతే ఒక దెబ్బ, కాయగూరైతే రెండు, చేపైతే మూడు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని ఒకటి. పని దిగేటప్పుడు వెళ్తున్నానని రెండు సాగదీసిన దెబ్బలు. ఒక పండగ నాడు పంతొమ్మిది మందీ ఒకేసారి కూరలు చెప్పుకునేసరికి సగానికి పైగా తలుపులు కూలిపోతున్నాయనుకుని యంత్రం ఎవరినీ అడక్కుండా సైరను వేసేసింది. లంక జనం మూటలతో, మేకలతో కట్టెక్కి, సాయంత్రం దాకా కూర్చుని, తిట్టుకుంటూ దిగారు. మర్నాటి నుంచి పట్టా మీద కొడితే ఉద్యోగం ఊడుతుందని ఉత్తర్వు వచ్చింది.

నూకరత్నం మోచేతి దగ్గర కొక్కెం విప్పి తొడుగు లాగి పడేసింది. దానితో ఈ లోకంలో ఎవరూ ఆమెకు ఏమీ చెప్పలేరు. ఆ చీకటి ఆమెకు కొత్త కాదు, అయినా మూడేళ్ళుగా అంత నిండుగా ఎరగదు. గొలుసు బిగించే రెంచీ కోసం గోడ తడిమి, అందుకుని, కడ్డీ మొదట్లో పట్టా మీద కొట్టింది.

ముందు తన పేరు. తరువాత ఏం కొట్టాలో తెలియలేదు. ప్రమాదమని చెప్పడానికి ఆ భాషలో దరువు లేదు. కూరలకు ఉంది, ఇన్‌స్పెక్టరుకు ఉంది. చివరికి 'వెళ్తున్నా' అని కొట్టింది. పౌర్ణమి పోటు ముందర ఏ నాడిదారూ అనని మాట అదొక్కటే. వెళ్తున్నా. వెళ్తున్నా. నూకరత్నం వెళ్తున్నా.

ఆపి అరచెయ్యి ఆనించింది. బందు చినుగుతోంది. నీళ్ళు చీలమండల దాకా వచ్చాయి. పదకొండో తలుపు నుంచి ఏమీ లేదు. గంగాధరానికి ఆయన తొడుగు ఏమని చెబుతోందో. విశ్రాంతి తీసుకోండి అని చెబుతోందేమో. ఆయన వేలు పట్టుకుని ముద్ర వేయించిన చెయ్యి ఇదే కదా అనుకుంది. ఏడుపొచ్చింది.

అప్పుడు పట్టాలో, ఎక్కడో దూరంగా, నిదానంగా, గంగాధరం పేరు వచ్చింది. ఆ వెంటనే దెబ్బలు. మాటల్లేవు, ఒట్టి దెబ్బలు, అరవయ్యేళ్ళ చెయ్యి కొట్టేవి కావు అవి. ఆయనకు అర్థమైంది.

ఇద్దరూ కొట్టారు. రెక్కలు లాగేదాకా కొట్టారు. సైరను రాలేదు. ఆమె దెబ్బలు చుట్టుపక్కల తలుపులకు అందుతాయి, ఆయనవి అటుపక్కవాటికి. మొదటి తలుపులు కదలకుండా పడి ఉన్నాయి. వణికే తలుపుల లెక్క సగం దాటడం లేదు. ఇద్దరి వల్ల అయ్యే పని కాదని ఆమెకు తెలుస్తూనే ఉంది, చెయ్యి మాత్రం ఆపలేదు.

మూడో తలుపు వైపు నుంచి దెబ్బ పడింది.

మూడో తలుపుకు ఆరేళ్ళుగా నాడిదారు లేడు. దెబ్బలో పేరు లేదు, దరువు లేదు. ఒక బరువు దెబ్బ, ఒక తేలిక దెబ్బ. బరువు, తేలిక. బరువు, తేలిక. లంకలో అతని అత్తవారింటి వైపు దిగే అడ్డదారి మూడో తలుపు పక్కనుంచే. పెళ్ళాం కోసం పరుగెత్తే మనిషి అక్కడ ఆగిపోయాడు. పట్టా మోగడం విని ఆగాడు. రాయో, ఇనుప ముక్కో, చేతికి దొరికింది పుచ్చుకుని కొడుతున్నాడు.

ఆమె అరికాళ్ళలోకి చీమలు పాకాయి. గచ్చంతా జుమ్మంది.

సైరను.

మొదట ఏమీ లేదు. తరువాత వంతెన మీద ఒక అడుగు, పది అడుగులు, ఆ పైన లెక్క అందలేదు. పిల్లల గెంతులు కావివి, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళ బరువులు. మేకల గిట్టలు. పెరుగు ఆడమనిషి, కుండ లేకుండా. అంతా పైకే, కట్ట మీదికే. నీళ్ళు నూకరత్నం పిక్కల దాకా వచ్చాయి. ఇక చాలు, తన పని అయిపోయింది, ఇప్పుడు కదిలితే మెట్లు అందుతాయి. పట్టా మీద రెండు సాగదీసిన దెబ్బలు కొట్టి, ఈసారి నిజంగానే వెళ్తున్నానని, అరచెయ్యి ఆనించి సరేనన్న తట్టు కోసం ఆగింది.

ఆమె ఆగింది. జవాబివ్వడానికి గంగాధరం ఆగాడు. గచ్చులో జుమ్మనడం సన్నబడి, ఆగిపోయింది.

ఇద్దరూ ఆగిన ఆ కాస్తసేపటికే యంత్రం తలుపులు బాగుపడ్డాయనుకుంది. వంతెన మీద అడుగులు తడబడ్డాయి. కొన్ని నిలబడ్డాయి. కొన్ని, ఆమె అరచేతి కిందే, వెనక్కి తిరిగాయి. ఇంట్లో ఏదో మరిచిపోయినవాళ్ళు, ఆ పండగ నాటి తిట్లు గుర్తున్నవాళ్ళు.

పదకొండో తలుపు నుంచి సరేనన్న తట్టు రాలేదు. వేరే దరువు వచ్చింది. పదేళ్ళ పైగా వినని దరువు కావడంతో ఆమెకు పోల్చుకోవడానికి ఒక క్షణం పట్టింది.

ఏం కూర?

నూకరత్నం నవ్విందో, వెక్కిందో చెప్పలేం. తాడు వైపు తిరిగిన మనిషి మళ్ళీ పట్టా వైపు తిరిగింది. రెంచీ రెండు చేతులా పట్టుకుని మూడు దెబ్బలు కొట్టింది. చేప. ఏం చేప అని చెప్పడానికి దరువు లేదు, అందుకని అప్పటికప్పుడు ఒకటి కల్పించి కొట్టింది. ఆయన మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ చెప్పింది. పులుసా, వేపుడా, ఉప్పెక్కువైందా అని నోటికొచ్చిన దరువల్లా కొట్టుకున్నారు. ఆఫీసులో సూదులన్నీ ఎగిరిపడుతూ ఉండాలి. యంత్రం లెక్కలో కడలికట్ట మొత్తం కూలిపోతోంది. గచ్చు మళ్ళీ జుమ్మంది. వెనక్కి తిరిగిన అడుగులు మళ్ళీ పైకి మళ్ళాయి.

నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. తేలుతూ వచ్చిన తొడుగు ఆమె పిక్కకు తగిలి, మనిషి ఒళ్ళు తెలియగానే మెత్తగా పట్టుకుని మొనలు కదిపింది. నేను ఇక్కడే ఉన్నాను. అంతా సవ్యంగా ఉంది. ఆమె కాలితో దాన్ని అవతలికి నెట్టింది. ఆమెకు చాలా భయంగా ఉంది. మూడేళ్ళలో తన భయం మొదటిసారి పూర్తిగా తన చేతికి వచ్చింది.

ఎడమ బందులో చినుగుడు ఇప్పుడు చెయ్యి ఆనించకుండానే తెలుస్తోంది. మూడో తలుపు దగ్గర ఏసుపాదానికి ఈ భాష రాదు. అతని దెబ్బల్లో కూర లేదు, పేరు లేదు. బరువు, తేలిక, బరువు, తేలిక, అంతే. వంతెన మీద అడుగులు ఇంకా అయిపోలేదు. మెట్టు మెట్టుకూ ఆగి ఊపిరి తీసుకునే ముసలాయన ఇప్పుడే మొదటి మెట్టు ఎక్కాడు.

నూకరత్నం రెంచీ మళ్ళీ ఎత్తింది.